స్వచ్ఛందంగా

“రిలొకేషన్ అంటే?” పంతులమ్మ సుద్దముక్కతో బోర్డు మీద తట్టింది.

“ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడం!” వెనక బెంచీలోంచి లారీ మెకానిక్ అరిచాడు.

“కాదమ్మా,” అన్నాడు గుమ్మం పక్కన కూర్చున్న పెద్దాయన.

క్లాసంతా గొల్లుమంది.

టైలరు కొట్టు మీది గదిలో జరిగే సాయంత్రం ఇంగ్లీషు క్లాసు అది. పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని వచ్చేవాళ్ళకి ఉత్త మాటలు బట్టీ పట్టిస్తే కునుకు తీస్తారని, పంతులమ్మ అమెరికా చరిత్రలోంచి కథలు ఏరి చెప్పేది. అక్కడి ప్రభుత్వం మద్యాన్ని నిషేధించి ఆనక నాలిక కరుచుకుని ఆ చట్టాన్ని రద్దు చేసిన కథతో ‘రిపీల్’. ఆదివాసుల్ని సొంత నేల మీంచి వెళ్ళగొట్టిన కథతో ‘రిమూవల్’. యుద్ధం రోజుల్లో జపాన్ మూలాలున్నాయని తన పౌరుల్నే ముళ్ళకంచెల వెనక పెట్టిన కథతో ‘రిలొకేషన్’.

కథ గుర్తుంటే మాట గుర్తుండేది. పరీక్ష గట్టెక్కేది.

పెద్దాయన ఎవరో, ఎక్కడివాడో క్లాసులో ఎవరికీ తెలీదు. ఈమధ్యే వచ్చి చేరాడు. ప్రతి మాటకీ అడ్డు తగులుతున్నాడని క్లాసువాళ్ళు ఆయనకి ‘అడ్డుపుల్ల మావయ్య’ అని పేరు పెట్టుకున్నారు.

“మరి ఏమిటండీ అర్థం?” పంతులమ్మ ఓపిక తెచ్చుకుంది.

“మారేవాడు తన ఇంటికి తన చేత్తో తాళం వేసుకుని వెళ్తాడమ్మా. ముళ్ళకంచెల వెనక పెట్టినవాళ్ళకి ఆ తాళం కూడా దక్కలేదు.”

“డిక్షనరీలో అలా లేదు.”

“ఉండదు. అందుకే ఆ మాట వాడారు.”

“మావయ్యా, పరీక్షలో ఇలా రాస్తే గుండుసున్నా!” నర్సు ట్రైనింగు అమ్మాయి కిసుక్కుమంది.

ఆయన నవ్వలేదు. “వాలంటరీ అన్న మాట కూడా చెప్పండమ్మా.”

“అది పాఠంలో లేదండీ.”

“వస్తుంది. ఆ మాటున్న కాగితం ఎవరైనా తెస్తే సంతకం పెట్టొద్దని ఈ వీధివాళ్ళకి చెప్పండి. మీ మాటంటే వీళ్ళకి గురి.”

“ఏం కాగితం? ఎవరు తెస్తారు?”

పెద్దాయన మెట్ల వైపు ఓసారి తొంగి చూశాడు. “అంతకంటే చెప్పలేనమ్మా.”

ఈసారి మెకానిక్ బెంచీ చరిచి మరీ నవ్వాడు.

పంతులమ్మకి విసుగొచ్చింది. “పెద్దవారు, ఏమీ అనుకోకండి. పరీక్ష నెత్తి మీదుంది. రేపట్నుంచి మీరు రావద్దు.”

ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగాడు. కిందికెళ్ళి వీధి మధ్యలో చాలాసేపు నిలబడ్డాడు. ఇటు వరస, అటు వరస, ఒక్కో గుమ్మం చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

‘పీడ విరగడైంది,’ అనుకుంది కిటికీలోంచి చూసిన పంతులమ్మ.

పరీక్ష కాకముందే కాగితాలొచ్చాయి.

తెచ్చిన అధికారులు ఎంతో మర్యాదస్తులు. పేరుపేరునా పలకరించారు. పసిపిల్లల బుగ్గలు నిమిరారు. కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంది.

వీధి వీధంతా పంతులమ్మ గుమ్మంలో మూగింది. ఆ వీధిలో ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

“ఏం రాశారో చదివి చెప్పవే అమ్మాయ్,” అంది అత్తగారు.

చదివింది. వాలంటరీ రిలొకేషన్.

పెద్దాయన ముఖం కళ్ళముందు మెదిలింది. కానీ ఎదురుగా అధికారులు, చుట్టూ జనం. ఓ చాదస్తపు ముసలాయన మాట పట్టుకుని తగువు పెట్టుకుంటే నవ్విపోరూ?

“ఏం లేదు అత్తయ్యా. మన ఇష్టపూర్తిగా వేరేచోటికి మారడం. ఊరి చివర కొత్త ఇళ్ళిస్తారట.”

“అయితే పెట్టమంటావా?”

“పెట్టండి.”

అత్తగారు ముందు పెట్టింది. ఆవిడ వెనకే అందరూ పెట్టారు.

ఆ నెలలోనే బుల్డోజర్లు దిగాయి. ఊరి చివర ఇళ్ళు లేవు. రేకుల షెడ్లు ఉన్నాయి. మెకానిక్‌కి షెడ్డు దొరికింది గానీ లారీలు రాని చోట అతనికి పనేముంది? నర్సు అమ్మాయి బస్సు అందక ట్రైనింగు మానేసింది. టైలరు కొట్టుతో పాటే మీది గదీ నేలమట్టమైంది.

అందరూ కలిసి వకీలు దగ్గరికి వెళ్ళారు.

“బలవంతంగా పంపితే కోర్టుకెళ్ళొచ్చు,” అన్నాడాయన. “మీరు స్వచ్ఛందంగా వెళ్తామని రాసిచ్చారు. ఇక నేను చేయగలిగింది లేదు.”

పంతులమ్మని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

“అందులో ఉన్నదే కదే నువ్వు చదివింది,” అంది అత్తగారు, షెడ్డు కారి తడిసిన పరుపు తిరగేస్తూ. ఆ ఓదార్పు తిట్టుకంటే ఎక్కువగా కోసింది.

మర్నాడే పంతులమ్మ పెద్దాయన్ని వెతుక్కుంటూ బయల్దేరింది. ఆయన చొక్కాలు కుట్టిన టైలరే ఇంటి ఆనవాలు చెప్పాడు.

కూతురు తలుపు తీసింది.

“నాన్నగారు పోయారండీ. మీ వీధి కూలగొట్టారని విన్నప్పట్నుంచి అన్నం ముట్టలేదు. ఎంత బతిమాలినా మంచం దిగలేదు.”

పంతులమ్మ గడప మీద కూర్చుంది.

“ఇంగ్లీషు మాటల లోగుట్టు అంత తెలిసిన మనిషి... నా క్లాసుకి ఎందుకొచ్చారమ్మా?”

“ఆఫీసు గుట్టు బయటపెడితే జైలేనండీ. పాఠం పేరుతోనైనా చెప్పొచ్చని వచ్చారు.”

“ఏ ఆఫీసు?”

కూతురు కొంగుతో కళ్ళొత్తుకుంది.

“సర్కారు కాగితాలకి ఇంగ్లీషు రాసిపెట్టే ఉద్యోగమండీ నాన్నగారిది. రిటైరయ్యే ముందు ఆయన ఆఖరుగా రాసింది మీ వీధి కాగితమే.”