రౌటర్ కింది చీటీ

రోజుకు పది ఇళ్లలో నెట్ బాగుచేస్తాను. మా చెల్లెలి ఇంట్లో మాత్రం అది మూడు రాత్రులుగా పదకొండు దాటగానే పోతోంది. పొద్దున్నే దానికి ఆన్‌లైన్ పరీక్ష. పనిముట్ల సంచి తీసుకుని వెళ్లాను.

"కేబుల్ పోయిందేమో అక్కా."

"కేబుల్‌కేం, దుక్కలా ఉంది. ఎవరో మన నెట్ లాగేస్తున్నారు. పాస్‌వర్డ్ మార్చేస్తే పీడ విరగడవుతుంది."

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. వెనక గదిలో రౌటర్ దగ్గర కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. దాన్ని చీటీ మీద రాసి, రాత లోపలికి ఉండేలా రౌటర్ అడుగున టేపుతో అతికించాను. ఏ ఇంట్లోనైనా అంతే చేస్తాను. వచ్చేపోయేవాళ్ల కంట పడకూడదు కదా. తలుపు గడియ పెట్టి, చెల్లెలి గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాను.

పదకొండు దాటినా నెట్ నిలబడింది. ఇల్లంతా నిశ్శబ్దం. చెల్లెలు పేజీ తిప్పుతున్న చప్పుడొక్కటే. ఎవరెవరు వాడుతున్నారో ఫోన్‌లో చూశాను. జాబితాలో రెండు ఫోన్లున్నాయి. ఒకటి నాది.

"అప్పుడే కొట్టేశావా పాస్‌వర్డ్?"

చెల్లెలు పుస్తకంలోంచి తల ఎత్తింది. "నువ్వింకా చెప్పందే?"

నాకేం భయం వెయ్యలేదు. వెనక గదికి వెళ్లాను. గడియ పెట్టినట్టే ఉంది. లోపల ఎవరూ లేరు, కిటికీ కూడా మూసే ఉంది. రౌటర్ ఎత్తి తిరగేశాను.

చీటీ అక్కడే ఉంది. టేపు నలగలేదు.

రాత మాత్రం బయటికి ఉంది.