మూలుగ పరీక్ష

“దాని ఎముకలోకి సూది దించొద్దు మేడం.” సుబ్బలక్ష్మమ్మ బల్లకు అడ్డంగా నిలబడింది.

బల్ల మీద నల్లోడు కళ్లు మూసుకుని ఆయాసపడుతున్నాడు. ముక్కులోంచి కారిన రక్తం మూతి మీద ఎండిపోయింది. ఆ కుక్కను వేముల నుంచి ప్రొద్దుటూరు దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకొచ్చిన అశ్వత్థనారాయణ, భార్యను చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

“రక్తంలో కణాలన్నీ పడిపోయినాయి. ఎక్స్‌రేలో ఎముకలకు చిల్లులు కనపడతాండాయి,” అంది పశువుల డాక్టర్ హేమలత. “ఎముక లోపలి మూలుగ తీసి చూస్తే గానీ క్యాన్సరో కాదో చెప్పలేను. మత్తిస్తాలేమ్మా, నొప్పి తెలీదు.”

“మత్తు దిగినాక తెలుస్తాది.”

“నువ్వు గమ్మునుండు,” భర్త కసిరాడు. “రోగమేందో తెలిస్తేనే గదా మందు.”

“తెలిసినా మందు లేకపోతే ఏం చేస్తావప్పా? తెలీకుంటే నాలుగు దినాలన్నా నెమ్మదిగా ఉంటావు.”

ఇంత రాతిగుండె మనిషిని చూడలేదనుకుంది హేమలత. కుక్క తుంటి ఎముక నుంచి మూలుగ తీసి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు.

“క్యాన్సరే. మూలుగంతా పాకిపోయింది. ముందే తెచ్చింటే మాత్రలతో కొన్నాళ్లు నిలబెట్టేదాన్ని. ఇప్పుడు ఆశ పెట్టుకోవద్దు.”

అశ్వత్థనారాయణ నల్లోడి మెడలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఈ కుక్క వెంట లేకుండా అతను చీనీకాయల తోటకు పోయిన రోజు లేదు. కాసేపటికి లేచి, టవల్‌తో కళ్లు తుడుచుకుని భార్య వైపు చూశాడు.

“నువ్వొకదానివి ఉండావు కాబట్టి ఓర్చుకుంటాండా.”

ఆమె మొహం తిప్పుకుంది. అతను కుక్కను ఎత్తుకుని ఆటో దగ్గరికి నడిచాడు.

హేమలతకు ఉండబట్టలేదు. “ఏమ్మా, నీకు కొంచెమన్నా జాలి లేదా? సూది దించేటప్పుడు దాని దగ్గరికి గూడా రాకపోతివి.”

సుబ్బలక్ష్మమ్మ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

“పోయిన నెల చెల్లెలింటికని చెప్పి తిరపతికి పోయినా మేడం. నాకూ ఈ పరీక్షే చేసినారు. ఇదే చెప్పినారు.”