నూట పదిహేడో సెల్

ప్రొఫెసర్ పెన్ను మూతతో చెవి కెలుక్కున్నాడు. అదే మూతను తెచ్చి ఆమె గ్రాఫ్ మీద ఆనించాడు.

"ఇదేంటమ్మా, గ్రాఫా, కోడి గీకుళ్లా?"

కాగితం మీద పసుప్పచ్చటి మరక పడింది. ఆమె రెండు వేళ్లతో అంచు పట్టుకుని కాగితాన్ని వెనక్కి లాక్కుంది.

రెండేళ్లుగా ఇదే వరస. ఆయన దగ్గర పీహెచ్‌డీ కోసం ఆమె పెరోవ్‌స్కైట్ అనే కొత్తరకం పదార్థంతో సోలార్ సెల్స్ చేస్తుంది. గాజు పలక మీద వెంట్రుకలో వందో వంతు మందాన నల్లటి పూత. దాని మీద వోల్టేజి పెంచుకుంటూ పోతే కరెంటు ఒక గీత గీస్తుంది. తగ్గించుకుంటూ వస్తే మాత్రం వెళ్లిన దారిన తిరిగి రాదు. ఇంకో గీత గీస్తుంది. ఆ రెండింటి మధ్య ఖాళీ కూడా రోజుకో రకం. చీకట్లో ఉంచి కొలిస్తే ఒకలా, కాసేపు వెలుతురు చూపించి కొలిస్తే మరోలా.

"సెల్‌కి జ్ఞాపకం ఉంది సార్. అంతకు ముందు దాన్నేం చేశామో గుర్తుపెట్టుకుంటోంది," అంది మొదట్లో ఒకసారి.

"గుర్తుపెట్టుకుని దెప్పడానికి అదేమన్నా అత్తగారా?"

ల్యాబంతా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు ఆయనే నవ్వాడు.

ఆయన దగ్గరొక సర్క్యూట్ ఉంది. కాగితం మీద గీసింది. వెలుతురు చేసే పనికి బదులు ఒక బ్యాటరీ, ఆపైన రెండు డయోడ్లు, మూడు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్. సెల్ లోపల ఏ గోల జరిగినా సరే, బయటికి అచ్చం ఈ సర్క్యూట్‌లాగే ప్రవర్తిస్తుందని ఆయన సిద్ధాంతం. లెక్క వేస్తే కంప్యూటర్ తెర మీద నున్నటి ఎర్ర గీతలు రెండు వస్తాయి. రీడింగులు వాటి మీద పడితే మంచి సెల్. పడకపోతే చెడ్డ సెల్. ఆమె చేసిన నూట పదహారు సెల్స్‌లో నూట పన్నెండు అలా చెత్తబుట్టకే పోయాయి. దగ్గరదగ్గరగా వచ్చిన నాలుగింటితో ఆయన రెండు పేపర్లు అచ్చేయించుకున్నాడు.

ఆ నూట పదహారింట్లో ఒక్కదాన్నీ ఆయన కళ్లారా చూసింది లేదు. సెల్‌లో సీసం ఉంటుందని భయం. కొలవడానికి నల్ల పెట్టెలో సెల్ బిగించడం, లోపలి దీపం వెలిగించడం, మూత వేయడం అన్నీ ఆమే. పెట్టెలోంచి బయటికొచ్చే రెండు వైర్ల దగ్గర్నుంచే ఆయన పని.

"సోమవారం నీ పని చూడ్డానికి కమిటీ వస్తోంది," అన్నాడు. "వాళ్ల ముందే కొలుస్తాం. గీత మీద పడిందా, నీ సీటు ఉంటుంది. పడలేదా, సామాను సర్దుకో. సెల్ చెయ్యడం చేతకానిదానికి పీహెచ్‌డీ ఎందుకు?"

సోమవారం కమిటీ నుంచి ఒక పెద్దావిడ, ఆవిడ వెంట నోట్సు రాసుకునే బట్టతలాయన వచ్చారు. నూట పదిహేడో నంబరు వేసిన పెట్టె బల్ల మీద సిద్ధంగా ఉంది.

ప్రొఫెసర్ మీట నొక్కాడు. వోల్టేజి ఎక్కింది. నల్ల చుక్కలు ఒక్కొక్కటే వచ్చి ఎర్ర గీత మీద కూర్చున్నాయి. వోల్టేజి దిగింది. రెండో గీత మీద కూడా వెంట్రుకవాసి తేడా లేదు.

పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుంది. "పది నిమిషాలు దీపం ఆర్పి, మళ్లీ వెలిగించి కొలవండి."

కొలిచారు. అవే చుక్కలు, అవే చోట్ల.

"జ్ఞాపకమనీ అదనీ కథలు చెప్పేది మేడమ్. రెండేళ్లు బుర్రకెక్కిస్తే ఇప్పటికి దారికొచ్చింది," అంటూ ప్రొఫెసర్ ఆమె వీపు తట్టాడు. కోటు మీంచి కూడా ఆ చెమట చెయ్యి తడి తెలిసింది. ఆమె పక్కకి జరిగి నిలబడింది.

"ఎలా చేశావమ్మా దీన్ని?" పెద్దావిడ అడిగింది.

ఆమె నోరు తెరిచేలోపే ప్రొఫెసర్ అందుకున్నాడు. "దగ్గరుండి చేయించాను మేడమ్. ప్రతి పూతా నా కళ్ల ముందు వేసిందే."

"పెట్టెలో బిగించింది ఎవరు?"

"నేనే."

బట్టతలాయన ఫారం జరిపాడు. ప్రొఫెసర్ అదే మాట అందులో రాసి, కింద వంకర్లు తిప్పుతూ సంతకం పెట్టాడు. తర్వాత ఆమె చెవి దగ్గరకి వంగాడు. పాచి కంపు.

"సాయంత్రంలోగా పాత రీడింగులన్నీ చెరిపెయ్. ఆ చెత్త ఎవరి కంటా పడకూడదు."

సీటు దక్కింది. తలూపి ఊరుకుంటే చాలు. రెండేళ్ల చాకిరీ, నూట పదహారు సెల్స్ చెప్పిన నిజం ఒక్క మీటతో పోతాయి. 

"మూత తీస్తావా అమ్మా, ఒకసారి చూస్తాను," అంది పెద్దావిడ.

ప్రొఫెసర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "సీసం మేడమ్, జాగ్రత్త."

ఆమె గ్లవ్స్ వేసుకోలేదు. నాలుగు మరలూ విప్పింది. మూత తీసి పక్కన పెట్టి, పెట్టెను పెద్దావిడ వైపు తిప్పింది.

లోపల సెల్ లేదు, వెలుగుతున్న దీపం కింద చిన్న బోర్డు ముక్క మీద ఒక బటన్ బ్యాటరీ, రెండు డయోడ్లు, మూడు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ ప్రొఫెసర్ గీసిన బొమ్మ ప్రకారం నీటుగా అతికించి ఉన్నాయి.