సగం దాకా

నీళ్ళ ఆఫీసరు ఎడమ చెంప నున్నగా గీసి, కుడి చెంప మీదికి కత్తి తిప్పబోతుంటే గోడగడియారం పది కొట్టింది. కత్తి మడిచి పెట్టెలో పెట్టేశాను.

"ఏమైందోయ్?"

"పది నుంచి సమ్మె సార్. మా పేట వాళ్ళెవరం పని ముట్టుకోం."

"సగం గడ్డంతో వదిలేస్తావా? పదిన్నరకి పైవాళ్ళు వస్తున్నారయ్యా!"

"మా పేటకి పైపు కూడా సగం దాకానే వేశారు కదా సార్."

మూడేళ్ళ కిందట పైపును వీధి మలుపులోనే ఆపించి, "అక్కణ్ణించి మోసుకుంటార్లే, వాళ్ళకి అలవాటేగా" అన్నది ఆయనే.

"కనీసం నురగ కడుక్కోవడానికి నీళ్ళివ్వు."

"మా అక్క మోసుకొచ్చిన చెంబెడు నీళ్ళూ ఆ నురగకే అయిపోయాయి సార్."

తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. నా కొట్టు నుంచి ఆయన ఆఫీసు గుమ్మం దాకా, రోడ్డుకు రెండు వైపులా మా పేట ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. సమ్మెలో నోరు మెదపకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. అక్క మాత్రం నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది.

"దేవుడున్నాడు రా తమ్ముడూ! సరిగ్గా సగంలో పది కొట్టించాడు," అంది తర్వాత.

దేవుడికేం పని? సమ్మె తొమ్మిదికే మొదలుపెడదామన్నారు అందరూ. పట్టుబట్టి పదికి మార్పించింది నేను. ఆయన రోజూ నా కుర్చీలో కూర్చునేది తొమ్మిదీ ముప్పావుకి.

ఆ ఒక్క చెంపనే పావుగంట గీశాను.