హన్మవ్వ వాగు

నక్షా ఆఫీసు సారుకు,

నా కోడిగీతలను, తప్పులను మన్నించండి.

1958లో మీ సర్వే ఆయన మా ఊరు వర్ని వచ్చి, మా చెరకు పక్కన పారే వాగు పేరేమిటని అడిగాడు. దానికి పేరు లేదు. “పేరు లేని వాగుంటదా?” అని గద్దించాడు. భయంతో నా భార్య పేరు చెప్పేశాను. మాలో మొగుడూ పెళ్లాం ఒకరి పేరొకరు పలకరు. పెళ్లయ్యాక ఆ పేరు నేను పలికింది అప్పుడే.

మొన్న పంతులు మీ నక్షాలో వాగు పేరు చదివాడు. “బర్రెను హన్మవ్వల కడిగొస్తున్న” అని ఊరంతా ఒకటే నవ్వు. ఆ పేరు కొట్టేయమని రాయబోయాను. ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇంట్ల ‘ఓయ్’ అంటవ్, పరాయోనికి పేరు చెప్పినవా? ఉండనియ్. వానకాలం వాగు ఊరి మీద పడుడు నా లెక్కనే ఉన్నది. పక్కన గుట్టకు పేరు లేదు గద, నీది పెట్టుమను. అది గూడ నీ నెత్తి లెక్కనే బోడిది.”

“నా పేరేంది?” అన్నాను.

“నా నోటితోని చెప్తనా? కార్డు కింద రాస్తవ్ గద!”

కింద చూసి గుట్టకు రాసుకోండి. జల్ది జవాబియ్యండి, ఆమె రేపటి నుంచి రోజూ పోస్టుమాన్‌కు ఎదురుపోతుంది.

భోజన్న