ఢిల్లీ పోయిన ఫైలు

“నీ ఫైలు ఢిల్లీ పోయిందమ్మా,” అన్నాడు గుమాస్తా ఏసోబు.

“పోయిన నెల వచ్చిందంటిరి గద సారూ?” అంది అండాలు.

“వచ్చింది. మల్ల పోయింది.”

“ఎప్పుడొస్తదట?”

“గది ఢిల్లీకే తెల్వాలె.”

ఇంకో రోజైతే అండాలు ఈ మాట విని, దండం పెట్టి, కోస్గి బస్సెక్కేది. మూడేళ్లుగా అదే పని. ఆమె రంగూన్‌లో పుట్టిన పిల్ల. అరవై నాలుగులో అక్కడి సర్కారు పొమ్మంటే ఓడలో మద్రాసుకు, అక్కణ్ణుంచి రైల్లో, బస్సులో తండ్రి పుట్టిన ఊరికి వచ్చింది. మేనత్త కొడుకు, గొర్ల కాపరి బీరన్నను చేసుకుంది. మంద దగ్గర గానీ, చేన్లో గానీ ఆమెను ఎవరూ పరాయిదనలేదు. కాయితంలో మాత్రం పరదేశి. తనను ఈ దేశపు మనిషిగా రాసుకొమ్మని పెట్టుకున్న దరఖాస్తు ఈ కచ్చేరిలో ఉంది. ఇక్కడ లేనప్పుడు ఢిల్లీలో ఉంది.

తన వంతు వచ్చేదాకా ఊరికే కూర్చుంటే పొద్దుపోదని ఆమె మోదుగాకులు తెచ్చుకుని వరండాలో విస్తర్లు కుట్టడం అలవాటు చేసుకుంది. ఎదురుగా ఉన్న హోటలాయన వాటిని తీసుకునేవాడు. ఏ సారు సెలవులో ఉన్నాడో, ఏ బల్ల దగ్గర ఏ పని జరుగుతుందో ఆమెకు తెలిసినంతగా బంట్రోతుకు కూడా తెలియదు. కొత్తవాళ్లు నేరుగా ఆమెనే అడిగేవాళ్లు.

“పట్టా పనా? ఎడమపక్క మూడో బల్ల. గాయన బువ్వకు పోయిండు. నాలుగింటికి రాండ్రి.”

ఈసారి మాత్రం ఆమె దండం పెట్టలేదు. వారం కింద ఠాణా జమేదారు ఇంటికొచ్చి తాఖీదు ఇచ్చిపోయాడు. ఆమె ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు శనివారంతో సరి. ఈలోగా కాయితం చూపకపోతే మద్రాసు తీసుకెళ్లి ఓడ ఎక్కిస్తారు. ఇవాళ గురువారం.

అందుకే గొర్లను తమ్ముడికి అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని బీరన్న కూడా వెంట వచ్చాడు. కచ్చేరి చూడటం అతనికి ఇదే మొదలు. బెంచీ మీద కూర్చుంటే ఎవరేమంటారోనని గోడ పక్కన నిలబడ్డాడు.

“నిన్ను పంపితే నేను గూడ వస్త,” అన్నాడు మెల్లగా.

“ఓడల నీకు తల తిరుగుతది. బువ్వ ఇముడది.”

“తిరగనీ.”

“గొర్లో?”

బీరన్న గొంగడి అంచు నలపసాగాడు. అది చూసి అండాలు మళ్లీ ఏసోబు దగ్గరికి వెళ్లింది. సరిగ్గా బల్ల ముందర, నేలమీద చతికిలబడింది.

“ఇయ్యాల నేను పోను సారూ.”

“ఫైలే లేదంటున్న గదమ్మా!”

“అది ఉన్నకాడికి నేనే పోత. ఢిల్లీ బస్సు ఏడ ఆగుతదో జర చెప్పుండ్రి.”

ఒళ్లో ఆకులు పరుచుకుని కుట్టడం మొదలుపెట్టింది. వెనక నిలబడ్డవాళ్లు గొణిగారు, ఏసోబు గొంతు పెంచాడు. ఆ గొడవకు లోపలి గదిలోంచి పేష్కారు కాటమయ్య బయటికొచ్చాడు. ఏసోబు పైఅధికారి, పింఛనుకు దగ్గరపడిన మనిషి. సంగతి విని, ఎవరినీ ఏమీ అనకుండా అల్మారా తెరిచి, కింది అరలోని కట్ట విప్పాడు. నాలుగో ఫైలు అండాలుదే.

“ఇది వచ్చి నాలుగు నెలలైంది గదయ్యా!”

“మీద ఢిల్లీ అని ఉంటే, ఢిల్లీ పొయ్యేదనుకున్న సార్,” అన్నాడు ఏసోబు.

కాటమయ్య కళ్లజోడు సర్దుకుని లోపలి కాయితం చదివాడు.

“మంజూరైంది బిడ్డా.”

అండాలు చేతిలోని ఈనెపుల్ల కిందపడింది. బీరన్న గోడను వదిలి వచ్చి, ఎవరేమంటారోనన్న సంగతే మరిచిపోయి, కచ్చేరి నడిమధ్యన ఆమె పక్కన కూలబడ్డాడు.

కాటమయ్య ప్రమాణం చదువుతుంటే అండాలు లేచి నిలబడి ఒక్కొక్క మాటే తిరిగి చెప్పింది. సంతకం తనకొచ్చిన బర్మా అక్షరాల్లో పెట్టింది. తెలుగులాగే గుండ్రంగా ఉన్నాయి గనక ఎవరూ కాదనలేదు.

“ఎట్ల నమ్మిండ్రు సారూ నన్ను?” అంది కళ్లు తుడుచుకుంటూ.

“మీ నాయిన రంగూన్ పోయిన నాడు కూలీల దఫ్తర్ల ఊరి పేరు, తండ్రి పేరు రాపిచ్చిండు. ఏలిముద్ర గూడ ఉన్నది. ఆయన ఈడి మనిషేనని తేలింది.”

“నేను మా ఇంటాయన పేరు మీద గద పెట్టుకున్న?”

“గది కొట్టేసిండ్రు.” కాటమయ్య కాయితం తిప్పి కింది నాలుగు వరుసలు చదివాడు. తర్వాత కళ్లజోడు మీదుగా బీరన్నను చూశాడు. “నువ్వు ఈ దేశపోడివని రుజువు లేదంటున్నరు. నీ కాయితమేదయ్యా?”

“నాకెందుకు సార్? నేను పుట్టిందే ఈడ.”

“ఎవలు జూసిండ్రు?”

“మా అమ్మ.”

“రమ్మను.”

“సచ్చిపోయి పదేండ్లాయె.”

“పట్వారి పుస్తకంల నీ పేరున్నదా?”

“పుస్తకాలన్ని రజాకార్ల గడబిడల కాలిపోయినయి.”

“ఎన్నడన్న దేశం దాటినవా? ఏ దఫ్తర్లనన్న పేరు రాపిచ్చినవా?”

“లే సార్. ఊరిడిసి ఏడికి పోలే.”

“గదే తప్పైంది,” అన్నాడు కాటమయ్య.

ఏసోబు ఎవరూ చెప్పకముందే కొత్త ఫారం తీసి, బీరన్న పేరు రాసి, సిరా ఆరేదాకా ఊదాడు. కాటమయ్య దాన్ని అండాలు ముందుకు జరిపాడు.

“ఈడ దస్తకత్ పెట్టు బిడ్డా. నీ జామీను మీద ఈ పరదేశిని ఇంటికి తోల్కపోవచ్చు.”