తెర కింది అంచు

ఆదివారం ప్రార్థన ముగించుకుని ఎడ్విన్ ఇంటికి వచ్చేసరికి గేటు ముందు ఒక పాత స్కూటర్, దాని పక్కన ఒక ముసలాయన కనిపించారు.

"హోమ్ థియేటర్ పని మీదేనా సాబ్? దుకాణపోళ్లు పంపిన్రు. నా పేరు గనీ."

ఎడ్విన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. కంప్యూటర్ పనికి తాతను పంపారేమిటని ఒళ్లు మండింది.

వెలిమెలలో కొత్త ఇల్లు కట్టుకుని ముచ్చటపడి వేయించుకున్న గది అది. కిటికీ లేదు. గోడలకు చప్పుడు బయటికి పోని మెత్తలు. ఒక గోడ నిండా అడ్డంగా పొడుగాటి తెర. తీరా చూస్తే బొమ్మ మధ్యలోనే వస్తోంది. రెండు పక్కలా నల్ల పట్టీలు.

గనీ కీబోర్డు ముందు కూర్చున్నాడు. తెర కొలతలు మార్చే కస్టమ్ రిజల్యూషన్ తెరిచి అడ్డం 2560, నిలువు 1080 అని కొట్టాడు. తెర ఒక్క క్షణం నల్లబడి, నిండుగా వెలిగింది. దాని మీద ఒక సున్నా గీసి చూశాడు.

"గుండ్రంగనే ఉంది సాబ్. కోడిగుడ్డు లెక్క సాగితే తప్పు. గేములకు ఇగ రంది లేదు."

ఎడ్విన్ ఒక సినిమా పెట్టాడు. నల్ల పట్టీలు మళ్లీ వచ్చాయి.

"ఇవెందుకు పోలే?"

"ఆ సినిమా కొలతే గంత సాబ్. జూమ్ చేస్తే నిండుతది. కానీ పైనా కిందా తెగుతది. కింద వచ్చే అక్షరాలు పోతయి."

"పోతే పోనీ. నిండుగ కనవడాలె. మా ప్లాంట్ల గూడ గట్లనే పెట్టిన."

గనీ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఏ ప్లాంట్ల సాబ్?"

"పాశమైలారంల. మందుల కంపెనీ. రియాక్టర్ల కంట్రోల్ రూముకు నేనే ఇన్‌ఛార్జిని. పోయిన నెల గిసొంటి తెరనే తెప్పించిన. పక్కలకు నలుపుంటే పెద్దసార్లు నవ్వరా? జూమ్ చేసి నింపిన."

"అలారం వరస కిందికే కదా వచ్చేది?"

"నీకెట్ల తెల్సు?"

"బజ్జరన్న మోగుతదా సాబ్?"

"పొద్దంత కూస్తే తల పగులుతుందని దాని నోరు ఎప్పుడో మూసినం."

"తెర మారినంక మాలు సక్కగనే వస్తుందా?"

ఎడ్విన్ తడబడ్డాడు. "రెండు బ్యాచులు మాడినయి. ఎందుకో ఎవలకు సమజైతలేదు."

"ఇయ్యాల రియాక్టర్లకు ఆవిరి పెట్టిన్రా?"

"పెట్టిన్రు. అయితే ఏంది?"

"జెర ఫోన్ చేయుండ్రి సాబ్. జల్దీ. ఆవిరి బంద్ చేసి అందర్ని బయటికి రమ్మనుండ్రి. వేడి ఎక్కినా అలారం వాళ్లకు కనవడది."

ఎడ్విన్ భార్య బ్యూలా ఆ రోజు అక్కడే డ్యూటీలో ఉంది, రియాక్టర్లను ఆనుకుని ఉన్న ల్యాబ్‌లో. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ ఇప్పుడు బ్యాచ్ ఆపిస్తే మాడిన ఆ రెండూ కూడా తన నెత్తికే చుట్టుకుంటాయి. తెరలు బిగించేవాడు చెబితే ఆపానంటే నలుగురిలో పరువేం మిగులుతుంది?

ఫోన్ జేబులో పెట్టేశాడు.

"నీ పని నువ్వు సూస్కో భాయ్. నా ప్లాంట్ సంగతి నాకు చెప్పకు."

గనీ సంచి అక్కడే వదిలేసి గబగబా బయటికి నడిచాడు.

"పని సగంల వదిలి పోతున్నవేంది?"

జవాబుగా స్కూటర్ చప్పుడు వినిపించింది.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఎడ్విన్ తలుపు మూసుకుని జూమ్ తనే నొక్కాడు. గోడ నిండా బొమ్మ. మనసు మాత్రం సినిమా మీద నిలవలేదు. అయినా పంతానికి చివరిదాకా చూశాడు. తలుపు వేస్తే ఆ గదిలోకి బయటి చప్పుడు రాదు, ఫోన్ సిగ్నల్ అసలే రాదు.

తలుపు తీసి బయటికి రాగానే ఫోన్ అదే పనిగా వణికింది. అన్నీ ప్లాంటు వాళ్లు చేసి, అందక వదిలేసిన కాల్స్. బ్యూలాకు చేస్తే ఎత్తలేదు.

కారు ఎలా నడిపాడో అతనికే తెలియదు. పాశమైలారం ఇంకా రాకముందే గొంతు మండించే వాసన ఎదురొచ్చింది. గేటు బయట జనం ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో బ్యూలా కనిపించాక గానీ అతనికి ఊపిరి ఆడలేదు.

ఆమె దగ్గుతూనే అతని చెయ్యి పట్టుకుంది.

"మీరు టైముకు మనిషిని పంపకపోతే మేమెవ్వరం ఇయ్యాల ఉండకపోదుము."

"నేను పంపిన్నా?"

"ఎడ్విన్ సార్ పంపిండు, అందరు బయటికి నడువుండ్రి అన్నడు ఆయన. మీ పేరు చెప్పంగనే లేచి ఉరికినం. మేం బయట పడ్డంకనే లోపల రియాక్టర్ పేలింది."

చుట్టూ ఉన్నవాళ్లు అతనికి దండాలు పెట్టారు. ఎడ్విన్ సిగ్గుతో చచ్చిపోయాడు. నేను కాదు అనడానికి నోరు రాలేదు.

"ఆయనేడి?"

గేటు పక్కన అంబులెన్స్ ఆగి ఉంది. దాన్ని తొందరపెట్టేవాళ్లెవరూ లేరు. వాచ్‌మన్ యాదన్న దాని చక్రం పక్కన కూలబడి ఉన్నాడు.

"మిగిలిన రియాక్టర్లు పేలకుండ ఆవిరి వాల్వు మూయనీకె వెనక్కి పోయిండు సార్. మూసినంకనే వచ్చిండు. గేటు దాక వచ్చి, ఆ గ్యాసుకు ఊపిరాడక పడిపోయిండు. మళ్ల లేవలే."

"తెరలు బిగించే ఆయనకు లోపల వాల్వు ఎక్కడుందో ఎట్ల తెల్సు యాదన్నా?"

యాదన్న తలెత్తి అతని వైపు చూశాడు.

"మీరు ఎరగరా సార్? బజ్జర్ మోగిందని ఎవర్నీ అడగకుంట బ్యాచ్ ఆపి కంపెనీకి నష్టం తెచ్చిండని నౌకరి నుంచి తీసేసిన్రు కదా, మీ కుర్చీల మీకంటే ముందు కూసున్న అబ్దుల్ గనీ సాబ్ గీయనే."